రెండు తాకాల సాక్ష్యం

మొన్న ఆదివారం పేపరు తిరగేస్తుంటే లోపలి పేజీలో అడుగున, ప్లాట్ల అమ్మకాలకీ పెళ్ళి సంబంధాలకీ మధ్య ఇరుక్కుని, చీమ తలకాయంత అక్షరాల్లో ఒక బహిరంగ ప్రకటన కనిపించింది. ఫలానా కరెంటు కంపెనీ రేట్లు సవరించమని విద్యుత్ నియంత్రణ కమిషన్‌కి అర్జీ పెట్టుకుంది, అభ్యంతరాలున్నవాళ్ళు గడువులోగా రాసి పంపవచ్చు. అంతే సంగతి. ఇలాంటివి ఎవరైనా చదువుతారా? మా ఆయన అప్పటికే దాని మీద కొత్తిమీర పోసుకుని వలుస్తున్నాడు. నేను కొత్తిమీరంతా పక్కకి తోసేసి, పేపరు లాక్కుని, "కాకా! వచ్చింది కాకా!" అని అరిచేశాను.

మా ఆయన నా వంక జాలిగా చూశాడు. కాకా పోయి రెండేళ్ళయింది.

కాకా నాకు చుట్టమేమీ కాదు. మాది కోనసీమ. బ్యాంకు ఉద్యోగం, బదిలీ మీద సూరత్ వచ్చిపడ్డాను. వచ్చిన కొత్తలో ఇక్కడి హిందీ గుజరాతీ కలగలుపు నా తలకెక్కేది కాదు. ఒకరోజు మధ్యాహ్నం కౌంటర్లో కూర్చుని మా అమ్మతో ఫోన్లో, "ఈ ఊళ్ళో నేను బతకలేనమ్మా" అని ముక్కు చీదుతున్నాను. అద్దానికి అవతల్నుంచి ఒక గొంతు పిడుగులా పడింది.

"ఎందుకు బతకవు బిడ్డా? ముప్పై ఏండ్ల సంది మేం బతుకుతలేమా?"

బ్యాంకంతా వెనక్కి తిరిగి చూసింది. సన్నగా, పొడుగ్గా, చెవి మీద పెన్సిలు ముక్క పెట్టుకున్న పెద్దమనిషి. చొక్కా మీద దూది నలుసులు. ఆ అరుపు కోపంతో కాదని తర్వాత తెలిసింది. ఆయనకి లింబాయత్‌లో ఒక ఇరుకు గల్లీలో ఎనిమిది సాంచలున్నాయి. సాంచ అంటే కరెంటు మగ్గం. రేకుల షెడ్డులో ఎనిమిదీ ఒక్కసారి ఆడుతుంటే పక్కనున్న మనిషి మాట వినపడదు. జీవితమంతా ఆ మోతలో అరిచి అరిచి, షెడ్డు బయట కూడా ఆయనకి అదే గొంతు మిగిలింది. గుళ్ళో దేవుడితో కూడా అరిచే మాట్లాడేవాడు.

నేను "బాబాయ్ గారూ" అంటే ఒప్పుకోలేదు. "గారు గీరు ఎందుకు? కాకా అను. గుజరాతోడు గూడ కాకా అనే అంటడు. రెండు దిక్కుల చెల్లుతది" అన్నాడు.

ఆ రోజు ఆయన వచ్చిన పని బ్యాంకు పని కాదు. జేబులోంచి మడతపెట్టిన పేపరు ముక్క తీసి, దాని మీద ఒక చిన్న ఇత్తడి భూతద్దం నిలబెట్టాడు. గుడ్డలో పోగులు లెక్కపెట్టుకునే భూతద్దం అది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు, అయినా ఆ అద్దంలోంచి ఇంగ్లీషు అక్షరాలన్నీ ఒక్కొక్కటే చూసేవాడు. చూస్తే ఏమొస్తుంది కాకా అంటే, "నేత సూస్తున్న. మోసపు నేత అయితే తెలుస్తది" అనేవాడు. ఆ ముక్క ఇదిగో, మొన్న ఆదివారం నేను చూసినదాని లాంటి ప్రకటనే. దాన్ని చదివి చెప్పమని వచ్చాడు.

చదివాను. నాకే అర్థం కాలేదు. కమిషన్ ఏమిటి, అర్జీ ఏమిటి, కరెంటు రేటు ఎవరో పైన కూర్చుని పెంచేస్తారు కదా, మధ్యలో మనల్ని అడిగేదేమిటి?

"గట్ల కాదు బిడ్డా" అని నా బల్ల మీద సామాను సర్దడం మొదలుపెట్టాడు. పెన్ను పెట్టాడు. "వీడు కరెంటు తయారు చేసేటోడు." దాని పక్కన గుండుసూదుల డబ్బా. "వీడు తీగల మీద తెచ్చేటోడు." దాని పక్కన రబ్బరు స్టాంపు. "వీడు మన ఇంటికాడ ఇచ్చి బిల్లు రాసేటోడు." ఆ మూడింటి మీదా నా టిఫిన్ బాక్సు ఎత్తి పెట్టాడు. "గీయన కమిషన్ సాబ్. ఎవడు ఎంత తీసుకోవాలె, ఎట్ల ఇయ్యాలె, అన్నీ ఈయన చెప్పినట్టే."

"మరి ఈయన మీద ఎవరు కాకా?"

"మనం" అన్నాడు. "అడిగితే. అడగకపోతే ఎవ్వడు లేడు."

అబ్బ, ఆ మాటకి నా ఒళ్ళు ఝల్లుమంది. పదేళ్ళు బ్యాంకులో పనిచేసి, కరెంటు బిల్లు కట్టి, ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు.

అప్పట్నుంచి ప్రతి ఏడూ ఒకటే తంతు. ప్రకటన పడగానే ఆయన భూతద్దంతో సహా హాజరు. ఆయన చెబుతాడు, నేను ఇంగ్లీషులో పెడతాను. అర్జీకి ఆరు కాపీలు. ఆరింటి మీదా సంతకం చేసి, స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుని వచ్చేవాడు. ముద్ర పడేదాకా మంచినీళ్ళు కూడా ముట్టేవాడు కాదు. "ఠప్పా పడ్డది!" అని బ్యాంకు గుమ్మంలోంచే అరిచేవాడు, అప్పుడు తాగేవాడు టీ. కొన్ని నెలలకి కమిషన్ ఉత్తర్వు వచ్చేది. అందులో ఎక్కడో మూలన, అభ్యంతరాన్ని నోట్ చేసుకున్నాం అని ఒక వాక్యం.

"నోట్ చేసిండ్రు!" అని మురిసిపోయేవాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "నోట్ చేశారంటే ఏమీ చెయ్యలేదని అర్థం కాకా. ఎందుకా సంబరం?"

"చెయ్యకపోయినా సదివిండ్రు గద బిడ్డా. నా మాట ఒక పెద్దసారు సదివిండు. చిన్న ముచ్చటనా?"

అలాంటి మనిషి మొహం ఒక ఏడాది వాడిపోయింది. ఆ వేసవిలో వాళ్ళ గల్లీలో కరెంటు కన్నుకొట్టడం మొదలైంది. పోవడం కాదు, ఒక్క క్షణం రెప్పవేసి తెరవడం. ఇంట్లో అయితే ఫ్యాను కాస్త మందగించి మళ్ళీ తిరుగుతుంది, మనం పట్టించుకోం. సాంచలకి అలా కాదు. రెండు సెకన్లు కరెంటు తగ్గినా మోటారు మీట పడిపోతుంది, ఎనిమిది సాంచలూ టక్కున ఆగిపోతాయి. ఒక్కొక్కదాని దగ్గరకీ పోయి మళ్ళీ నడిపించాలి. అలా ఆగి నడిచిన ప్రతిచోటా గుడ్డలో అడ్డంగా ఒక సన్నటి చార పడుతుంది. రోజుకి ఇన్నిసార్లు ఆగితే తాకా నిండా చారలే. తాకా అంటే వంద మీటర్ల పైచిలుకు బట్ట. నూలు ఇచ్చి నేయించుకునే మార్కెట్ సేఠు, ఇంకొక్క లాటు ఇలా వస్తే నూలు ఇవ్వనని తేల్చి చెప్పేశాడు.

నూలు లేకపోతే సాంచలు పాత ఇనుము కింద పోతాయి. అరవై దాటిన వయసులో ఆయన ఇంకొకడి షెడ్డులో కూలికి నిలబడాలి. "మల్ల మొదటికొస్తది బతుకు" అన్నాడు, అంతే. ఆయన ఏడవలేదు. నాకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కంపెనీకి రాశాం. జవాబు వచ్చింది: మీ ప్రాంతంలో సరఫరాకి అంతరాయమేదీ నమోదు కాలేదు, కొన్ని నిమిషాలకు మించి పోతేనే నిబంధనల ప్రకారం అంతరాయమవుతుంది. అది చదివి నేను బల్ల గుద్దాను. ఆయన మాత్రం ఎగిరి గంతేశాడు.

"ఏంది బిడ్డా, గిదే గద మనకు కావాల్సింది! నిమిషాలు పోతేనే లెక్క అంటే, సెకన్లు పోయింది గాళ్ళు సూడనేలేదు. మనం సూపెడదాం."

"ఎలా చూపిస్తాం కాకా? మీరు క్యాలెండరు మీద పెన్సిలుతో రాసుకున్న టైములు ఎవరు నమ్ముతారు?"

వారం తర్వాత బ్యాంకు తెరవకముందే వచ్చి నిలబడ్డాడు. "సాక్షి దొరికిండు! నడువు!"

షేర్ ఆటో ఎక్కించుకుని షెడ్డుకి లాక్కుపోయాడు. ఆ రోజే మూడో నంబరు, ఆరో నంబరు సాంచల మీద రెండు తాకాలు ఒకే క్షణంలో కోశాడట, చుట్టలు చుట్టి గోడకి నిలబెట్టి ఉన్నాయి. నా వేలు పట్టుకుని బట్ట మీద రాయించాడు. గోటికి చార తగిలింది. "గిదే కరెంటు కన్నుకొట్టిన జాగ. కంపెనోడు రాయలేదు, సాంచ రాసింది." సాంచ ఒకే వేగంతో నేస్తుంది కాబట్టి చారకీ చారకీ మధ్య దూరం కొలిస్తే ఎంతసేపటికి ఒకసారి కరెంటు పోయిందో వచ్చేస్తుంది. క్యాలెండరు మీద టైములతో కొలిచి చూశాం. సరిపోయింది! ఇద్దరం ఆ మోతలో ఒకరి మొహంలోకి ఒకరం చూసుకుని పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం.

ఆ ఏడు అర్జీలో ఒకే ఒక్క కోరిక రాశాం. మా గల్లీ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర సెకన్లు కూడా రాసే యంత్రం పెట్టించండి, మా మాట అబద్ధమైతే మళ్ళీ అడగం.

బహిరంగ విచారణ ఆ ఏడు సూరత్‌లోనే పెట్టారు. నేను సెలవు పెట్టి వెళ్ళాను. ముందు వరసల్లో కంపెనీ అధికారులు, వాళ్ళ వకీలు, పెద్ద మిల్లుల తరఫున ఫైళ్ళ మనుషులు. వేదిక మీద కమిషన్ అధ్యక్షుడు, మరో ఇద్దరు సభ్యులు. కాకా ఒక్కో భుజం మీద ఒక్కో తాకా మోసుకొచ్చాడు, ఒకటి చుట్ట, ఒకటి మడతల కట్ట. వెనక ఆయన భార్య, కొంగు నిండా కప్పుకుని చివరి వరసలో ఒదిగి కూర్చుంది. నేను చిన్నమ్మా అని పిలిచేదాన్ని. పదిమందిలో నోరు తెరిచే మనిషి కాదు.

మా వంతు దాదాపు ఆఖర్న వచ్చింది. తాకాలు చూసి అధ్యక్షుడు కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఇవేమిటి?"

"సాక్షులు సాబ్!"

"కొంచెం మెల్లగా చెప్పండి. మైకు ఉంది."

హాలంతా నవ్వింది. కాకా కూడా నవ్వి, తన గుజరాతీలో గుక్క తిప్పుకోకుండా చార సంగతి చెప్పాడు. కంపెనీ వకీలు లేచాడు. నూలు తెగినా మగ్గం ఆగుతుంది, అప్పుడూ చార పడుతుంది, ఆ పాపం కూడా కంపెనీకి అంటగడితే ఎలా అన్నాడు. మంచి ప్రశ్నే. కాకా దానికోసమే కాచుకుని ఉన్నాడు.

"అందుకే రెండు తెచ్చిన సాబ్. రెండూ ఒక్కనాడే నేసినం, ఒక్కసారే కోసినం. రెండు సాంచల మీద ఒక్కటే టైముకు పోగు తెగదు గద! రెండిట్ల ఒక్క జాగల చార ఉంటే అది కరెంటు. ఒక్కదాంట్లనే ఉంటే పోగు తెగినట్టు. పక్కపక్కన పరుస్త, మీరే సూడుండ్రి."

అధ్యక్షుడు ముందుకి వంగాడు. హాలు మధ్య దారిలో రెండు తాకాలూ పరవడం మొదలుపెట్టాం. ఒకదానిలో రెండు మూరల దగ్గర చార కనిపించింది. రెండోదానిలో లేదు. నాలుగు మూరలు, ఐదు, ఆరు... ఏడో మూర దగ్గర కనిపించింది, అక్కడ మొదటిదానిలో లేదు. ఇంకాస్త లాగాం. ఒక్కటీ కలవలేదు.

"సాక్షులిద్దరూ చెరో మాట చెబుతున్నారు సార్" అన్నాడు వకీలు. ముందు వరసలు గొల్లుమన్నాయి.

 ఎనిమిది సాంచలూ పాత ఇనుము బండి ఎక్కుతున్నట్టే అనిపించింది. కాకా వంగి గుడ్డ మీద భూతద్దం పెట్టి చార కోసం వెతుకుతున్నాడు.  అధ్యక్షుడు తర్వాతి నంబరు కాగితం తీసుకుంటున్నాడు.

"ఆగుండ్రి! ఆగుండ్రి! తప్పు నాది!"

వెనక్కి తిరిగి చూస్తే చిన్నమ్మ. కొంగు జారిపోయినా చూసుకోకుండా, కుర్చీల మధ్యలోంచి పరిగెత్తుకొస్తోంది.

"పొద్దుగాల ఈయన తానానికి పోయినప్పుడు ఒక తాకా నేనే మడతేసిన! పెద్దమనుషుల ముందటికి బట్టను చుట్ట చుట్టి తీస్కపోతరా? ఇజ్జత్ ఉంటదా? రెండోది ఏసే లోపలనే ఈయన వచ్చిండు!"

ఒక్క క్షణం నాకు వెలగలేదు. తర్వాత వెలిగింది! సాంచ మీద బట్ట చుట్టుకునేటప్పుడు ముందు నేసింది లోపల, ఆఖర్న నేసింది పైన ఉంటుంది. చుట్టని విప్పుతూ మడతలు పేర్చితే అది తిరగబడి, ముందు నేసింది పైకొస్తుంది. మేం ఒక తాకాని ఆఖరు నుంచీ, ఇంకోదాన్ని మొదటి నుంచీ పరుచుకుంటూ వచ్చాం! సరుకు చూపించాలంటే మడత పెట్టి చూపించాలన్నది నేతింటి మర్యాద. ఆ మర్యాదే మా కొంప ముంచబోయింది.

ఆవిడ చెప్పింది తెలుగులో. వేదిక మీద ఒక్కరికీ అర్థం కాలేదు. నేను కుర్చీ ఎక్కినంత పని చేసి, వచ్చీరాని హిందీలో, కాకా కంటే గట్టిగా అరిచి చెప్పాను. మైకు సంగతి నాకూ గుర్తులేదు.

చిన్నమ్మ ఆ మడతల దొంతర కింద రెండు చేతులూ పెట్టి ఒక్క ఊపున బోర్లా తిప్పింది. అడుగు కొస పైకొచ్చింది. మళ్ళీ పరిచాం. రెండు మూరల దగ్గర ఒక చార. పక్కదానిలో? రెండు మూరల మీద జానెడు. ఉంది! ఇంకాస్త లాగాం. ఇక్కడ ఉంది, అక్కడా ఉంది! వెనక వరసల్లోని నేతవాళ్ళు లేచి వచ్చి చెరో కొసా పట్టుకున్నారు. ఎవరో గుజరాతీలో లెక్క అందుకున్నారు. "ఏక్! బే! త్రణ్! చార్!" చార దొరికినప్పుడల్లా హాలంతా అరుస్తోంది. ఫైళ్ళ మనుషులు కూడా కుర్చీలు దిగి వచ్చేశారు. అధ్యక్షుడు వేదిక దిగి వచ్చి, కాకా చేతిలో భూతద్దం తీసుకుని, నేల మీద గొంతుక్కూర్చుని చూశాడు.

ఒకచోట చార ఒకే తాకాలో ఉంది. వకీలు దాన్ని గమనించలేదు. నేను గమనించాను. కాకాయే దాని మీద వేలు పెట్టాడు.

"గిది పోగు తెగింది సాబ్. కంపెనీ మీద ఎయ్యకుండ్రి."

అధ్యక్షుడు తలెత్తి ఆయన మొహంలోకి చూశాడు. లేచి, కంపెనీ పెద్ద ఇంజనీరు వైపు తిరిగాడు. "సెకన్ల లెక్క మీ దగ్గర ఉందా?"

"సెకన్ల లెక్క పెట్టం సార్. నిబంధనల్లో లేదు."

"అయితే పెట్టి చూడండి" అన్నాడు.

కొన్ని వారాలకి ఉత్తర్వు వచ్చింది. "నోట్ చేసిండ్రా?" అని అడిగాడు కాకా. "లేదు కాకా, ఆదేశించారు" అన్నాను. ఆ పేరా మూడుసార్లు చదివించుకున్నాడు. గల్లీ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కంపెనీ తన ఖర్చుతో పదిరోజులపాటు యంత్రం పెట్టాలి. సరఫరా తగ్గినట్టు కనబడితే లైను బాగుచెయ్యాలి, లేకపోతే వ్యవహారం అంతటితో ముగిసినట్టు.

యంత్రం వచ్చింది. బూడిదరంగు డబ్బా, దానికో చిన్న అద్దం. గల్లీవాళ్ళు పసుపూ కుంకుమా పెట్టబోతే కంపెనీ కుర్ర ఇంజనీరు దండం పెట్టి ఆపాడు. ఇక చూడండి మా ఖర్మ! ఆ రోజు నుంచి కరెంటు కన్నుకొట్టలేదు. ఒకరోజు, రెండు రోజులు, వారం. ఎనిమిది సాంచలూ ఆగకుండా ఆడుతున్నాయి, తాకాలు ఒక్క చార లేకుండా దిగుతున్నాయి. చిన్నమ్మ, "మంచిదే గద, గిట్లనే ఉండనియ్" అంది. కాకా మాత్రం ట్రాన్స్‌ఫార్మర్ కింద స్టూలు వేసుక్కూర్చుని దాన్ని తిట్టిపోస్తున్నాడు. "పోరాదె! ఏడాది సంది పోయినవు, ఇప్పుడేమైంది నీకు? డబ్బా తీస్కపోయినంక పోతవ్, నాకు ఎర్కలేదా?"

పదో రోజు నేను సగం పూట సెలవు పెట్టి వచ్చాను. పన్నెండింటికి డబ్బా విప్పుకుపోతారు. ఇంజనీరు అప్పటికే స్క్రూడ్రైవరు తీసి చేత్తో పట్టుకుని ఉన్నాడు. గల్లీలో ఆడామగా అందరూ అరుగుల మీద నిలబడి తీగల వైపే చూస్తున్నారు. పన్నెండుకి ఇరవై నిమిషాలు.  

టక్.

గల్లీ మొత్తం మీద సాంచలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆ తర్వాత లేచింది చూడండి కేక! ఈలలు, చప్పట్లు! ఎవరో పళ్ళెం తీసి గరిటెతో వాయించారు. కరెంటు పోతే పండగ చేసుకున్న గల్లీని అంతకుముందు నేను చూడలేదు, ఇక చూడను. చిన్నమ్మ నన్ను పట్టుకుని గిరగిరా తిప్పేసింది.

ఇంజనీరు అద్దంలోకి వంగి చదివాడు. "పదకొండు నలభై. రెండు సెకన్లు."

"ఇంకొక్కసారి సదువు సాబ్."

"పదకొండు నలభై. రెండు సెకన్లు, కాకా."

కాకా స్టూలు మీద కూలబడ్డాడు. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు. "నా లెక్క కాదు బిడ్డా" అన్నాడు నాతో. "గాళ్ళ డబ్బానే రాసింది." నెల తిరక్కముందే ఆ లైను తీగలు మార్చారు, నూలు ఆగలేదు, ఆయన పోయే రోజుదాకా ఆ ఎనిమిది సాంచలూ ఆయనవిగానే ఆడాయి.

కానీ అప్పుడు, ఆ గల్లీలో, అవేవీ మాకింకా తెలియవు. కేకలు తగ్గనే లేదు. కాకా చటుక్కున స్టూలు మీంచి లేచాడు.

"ఏంది సూస్తున్నరు? సాంచలు నిలబడ్డయి! నడువుండ్రి, నడువుండ్రి!"

అందరూ ఎవరి షెడ్డులోకి వాళ్ళు పరుగు తీశారు. నేనూ ఆయన వెనకే పరుగెత్తాను. మూడో నంబరు సాంచ నడిపించింది నేనే.